జన్యువు తీసేస్తే ఎలుకకు మనిషి జబ్బు వస్తుందా?

అడిగిన ప్రశ్న ఇది: "ఒకే జన్యువు లోపం వల్ల పసిపిల్లలకు వచ్చే ఒక నరాల జబ్బు మీద పీహెచ్‌డీ మొదలుపెడుతున్నాను. నాకౌట్ ఎలుకను, అంటే ఒక జన్యువు పనిచేయకుండా చేసిన ఎలుకను, తయారు చేద్దామని మా గైడ్ అంటున్నారు. మనిషిలో పాడైన జన్యువునే ఎలుకలో పాడుచేస్తే అదే జబ్బు వస్తుందా? ఎలుకల్లో నయమైందని ఇన్ని వార్తలు వస్తున్నా మందులు ఎందుకు రావడం లేదు? క్రిస్పర్ వచ్చాక ఇదంతా నెల రోజుల పని అంటున్నారు, నిజమేనా?"

పొట్టి జవాబులు ముందు చెప్పేస్తాను. జబ్బు రావచ్చు, సగమే రావచ్చు, అసలు రాకపోవచ్చు. మందులు రావడం లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. మీరు పని చేయబోయే పసిపిల్లల నరాల జబ్బుల్లోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. జన్యువును కోరినచోట కత్తిరించే క్రిస్పర్ వచ్చినా, నెల రోజుల పని మాత్రం కానే కాదు. ఇక వివరంగా చెబుతాను. 19 ఏళ్లుగా ఎలుకల గదిలో తిరుగుతున్న మనిషిని కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

జబ్బు అసలు రాని కథతోనే మొదలుపెడతాను. కొత్తగా వచ్చిన విద్యార్థులందరికీ నేను ముందు చెప్పేది ఇదే. లెష్-నైహాన్ అని ఒక అరుదైన జబ్బు ఉంది. హెచ్‌పీఆర్‌టీ అనే ఎంజైము పనిచేయదు, దాదాపు ఎప్పుడూ మగపిల్లలకే వస్తుంది. ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకుపోతుంది, కాళ్లూ చేతులూ వంకర్లు తిరుగుతాయి. అన్నిటికన్నా ఘోరం, ఆ పిల్లలు తమ పెదవుల్నీ వేళ్లనూ తామే కొరికేసుకుంటారు. నొప్పి తెలుస్తూనే ఉంటుంది, అయినా ఆపుకోలేరు. 1987లో రెండు బృందాలు విడివిడిగా ఈ జన్యువు పనిచేయని ఎలుకలను పుట్టించాయి. పిండ మూలకణాల ద్వారా, అంటే ఒంట్లో ఏ కణంగానైనా మారగల తొలి కణాల ద్వారా, మనిషి జబ్బు కోసం తయారైన తొలి ఎలుకలు అవి. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఎలుకలు హాయిగా తిన్నాయి, తిరిగాయి, పిల్లల్ని కన్నాయి. ఏమీ కాలేదు.

ఎందుకు కాలేదు? ఒక కారణం వెంటనే దొరికింది. యూరిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైము ఎలుకలకు ఉంది. మనకు లేదు, మన పూర్వీకులైన వానరాలు ఎప్పుడో పోగొట్టుకున్నాయి. కాబట్టి ఎలుకలో యూరిక్ ఆమ్లం పేరుకోదు. మరి కొరుక్కోవడం సంగతేమిటి? మనుషుల్లో మందులిచ్చి యూరిక్ ఆమ్లం తగ్గించినా ఆ ప్రవర్తన ఆగడం లేదు. అంటే దానికి కారణం వేరే ఉండాలి. తర్వాత చూస్తే ఈ ఎలుకల మెదడులో కూడా, మనుషుల్లో లాగే, డోపమైన్ అనే కబురు మోసే రసాయనం తగ్గి ఉంది. కానీ ఎలుక ప్రవర్తన మారలేదు. ఏమీ కాలేదనుకున్న ఎలుకే మూడు విషయాలు విడదీసి చూపించింది: యూరిక్ ఆమ్లం ఒక దారి, మెదడు మరో దారి, మెదడులో కూడా రసాయనం మారినంత మాత్రాన లక్షణం రాదు.

నేను చెప్పదలచుకున్న ప్రధానమైన మాట ఇందులోనే ఉంది. జబ్బు అనేది ఒక గొలుసు. జన్యువు పాడవుతుంది, ప్రొటీన్ తగ్గుతుంది లేదా చెడుతుంది, కణం ఇబ్బంది పడుతుంది, అవయవం దెబ్బతింటుంది, చివరికి లక్షణం కనబడుతుంది. మీరు ఎలుకలో మార్చేది మొదటి లంకెను మాత్రమే. తర్వాతి లంకెలన్నీ ఎలుకవి. వాటిలో ఎక్కడో ఒకచోట ఎలుక దారి మన దారి నుంచి విడిపోతుంది. ఎక్కడ విడిపోయిందో తెలుసుకోకుండా "ఇది ఫలానా జబ్బు మోడల్" అని రాసే పేపర్లంటే నాకు చిరాకు.

అయినా ఎలుకే ఎందుకు అంటే, చూలు 20 రోజులు, ఈడు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఈతకు ఆరేడు పిల్లలు, ఆయుష్షు రెండు మూడేళ్లు. జన్యువుల్లో దాదాపు 80 శాతానికి మనిషిలో ఒకటికొకటి జోడీ ఉందని 2002లో ఎలుక జన్యుక్రమం వచ్చినప్పుడు తేలింది. ఇంకో కారణం కూడా ఉంది, అదే అసలు కారణమని నా అనుమానం: పిండ మూలకణాలను పెంచడం ముందుగా ఎలుకలోనే కుదిరింది. కుందేలులో కుదిరి ఉంటే ఈపాటికి మనందరం కుందేళ్లను పెంచుతూ ఉండేవాళ్లం.

పద్ధతుల చరిత్ర టూకీగా. 1980 ప్రాంతంలో అప్పుడే ఫలదీకరణ అయిన అండంలోకి సన్నని గాజు సూదితో డీఎన్‌ఏ ఎక్కించడం నేర్చుకున్నారు. 1982లో పామిటర్, బ్రిన్‌స్టర్ బృందాలు పెద్ద ఎలుక జాతి, అంటే ర్యాట్, ఎదుగుదల హార్మోను జన్యువును చిట్టెలుకలో పెడితే, పిల్లలు మామూలు తోబుట్టువుల కంటే దాదాపు రెండింతలు పెరిగాయి. అదే ట్రాన్స్‌జెనిక్ పద్ధతి. దీంతో చిక్కేమిటంటే డీఎన్‌ఏ ఎక్కడ అతుక్కుంటుందో, ఎన్ని కాపీలు అతుక్కుంటాయో మన చేతిలో ఉండదు. ఈ కాపీల మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

కావలసిన జన్యువునే గురిచూసి కొట్టడం తర్వాత వచ్చింది. 1981లో మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ ఎలుక పిండం నుంచి మూలకణాలు తీసి పెంచారు. అదే ఏడాది గెయిల్ మార్టిన్ కూడా విడిగా సాధించారు. మరోపక్క మారియో కాపెకీ, ఆలివర్ స్మిథీస్ కణం తనంతట తాను డీఎన్‌ఏ అతుకు వేసుకునే పద్ధతిని వాడుకుని, అసలు జన్యువు స్థానంలో పాడుచేసిన నకలును కూర్చోబెట్టడం నేర్చుకున్నారు. రెండూ కలిశాక 1989 నాటికి నాకౌట్ ఎలుకలు వచ్చాయి. ఎవాన్స్, కాపెకీ, స్మిథీస్‌లకు 2007లో నోబెల్ వచ్చింది.

ఇందులో నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించేది బొచ్చు రంగు. మార్చిన మూలకణాలను గోధుమ రంగు జాతి నుంచి తీసుకుని, నల్ల ఎలుక పిండంలోకి ఎక్కిస్తారు. పుట్టిన పిల్లకు నలుపు మీద గోధుమ చారలు ఉంటే మన కణాలు అందులో కలిశాయన్నమాట. పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేయకముందే కంటికి తెలిసిపోతుంది. గోధుమ రంగు ఎంత ఎక్కువుంటే ఆ మగ ఎలుక మీద అంత ఆశ. దాని వీర్యంలో కూడా మన కణాలే ఉంటే, తర్వాతి తరంలో పాడైన జన్యువు ఒక కాపీతో పిల్లలు పుడతారు. ఇదంతా కుదరడానికి ఒక్కోసారి ఏడాదిన్నర పట్టేది.

క్రిస్పర్ మార్చింది ఈ భాగాన్నే. 2013లో యేనిష్ ప్రయోగశాల ఒకేసారి అండంలోకి క్రిస్పర్ ఎక్కించి నేరుగా జన్యుమార్పు ఉన్న ఎలుకలను పుట్టించింది. మూలకణాలు, చారల పిల్లలు, ఎదురుచూపులు పోయాయి. మొదటి పిల్లలు 20 రోజుల్లో పుడతాయి, ఆ మాట నిజమే. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ మొదటి పిల్లలు కలగాపులగం: ఒక కణంలో ఒక మార్పు, పక్క కణంలో మరో మార్పు. ఒకే పిల్లలో మూడు నాలుగు రకాల మార్పులు చూశాను. పరీక్షకు తీసిన తోక ముక్కలో కనిపించింది వీర్యంలో ఉంటుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి వాటిని మామూలు ఎలుకలతో జతకట్టించాలి. ఆ పిల్లల్లో సరైన మార్పు ఒక్కటే ఉన్నవాటిని ఏరాలి. వాటిని తమలో తాము జతకట్టించాలి. అప్పుడు నాలుగింట ఒకటి రెండు కాపీలూ పాడైన పిల్ల వస్తుంది. తరానికి మూడు నెలలు వేసుకోండి. ప్రయోగానికి సరిపడా ఎలుకలు చేతికొచ్చేసరికి తొమ్మిది నెలలు, ఏడాది. మీరు రెండు జన్యువులను కలపాలనుకుంటే ఆ నాలుగింట ఒకటి పదహారింట ఒకటి అవుతుంది. అప్పుడు కేజ్‌ల లెక్క చూసి మీ గైడ్‌కు టెన్షన్ మొదలవుతుంది.

మీది నరాల జబ్బు అంటున్నారు కాబట్టి ఇంకో సమస్య. ఎలుకలో జన్యువులను ఒక్కొక్కటిగా పూర్తిగా తీసేస్తూ పోతే, దాదాపు మూడో వంతు సందర్భాల్లో పిల్ల పుట్టకముందే పోతుంది, లేదా ఉండవలసిన సంఖ్యలో బతకదు. జన్యువు ఒంట్లో ఇంకెక్కడో అత్యవసరం కావడమే కారణం. అలాంటప్పుడు క్రీ-లాక్స్ వాడతారు. జన్యువుకు రెండు పక్కలా లాక్స్‌పీ అనే 34 అక్షరాల గుర్తులు పెడతారు. అవి ఉన్నా జన్యువు మామూలుగానే పనిచేస్తుంది. క్రీ అనే ఎంజైము వచ్చినచోట మాత్రమే ఆ రెండు గుర్తుల మధ్య ఉన్నది తెగిపోతుంది. క్రీని నాడీకణాల్లో మాత్రమే తయారయ్యేలా చేస్తే జన్యువు అక్కడే పోతుంది. టామోక్సిఫెన్ అనే మందు ఇచ్చినప్పుడే పనిచేసే క్రీ ఉంటే, ఎప్పుడు తీసేయాలో కూడా మన చేతిలో ఉంటుంది.

కాగితం మీద అద్భుతం. గదిలోకి వచ్చాక మాత్రం క్రీ మన మాట అంత బాగా వినదు. సినాప్సిన్-క్రీ ఉదాహరణ చూడండి. నాడీకణాల కోసం అని వాడతారు, కానీ అది వృషణాల్లో కూడా పనిచేస్తుంది. మగ ఎలుక ద్వారా క్రీని ఇస్తే, పిల్లల్లో జన్యువు ఒళ్లంతా పోవచ్చు. మనం మాత్రం నాడీకణాల్లోనే పోయిందనుకుని పేపరు రాస్తాం. అందుకే దాన్ని ఆడ ఎలుక ద్వారానే ఇవ్వాలంటారు. నెస్టిన్-క్రీ ఎలుకలైతే ఏ జన్యువూ తీయకుండానే చిన్నగా పుడతాయి, ఎదుగుదల హార్మోను తక్కువ. మీరు "నా జన్యువు తీస్తే పిల్లలు ఎదగలేదు" అని సంబరపడితే, అది క్రీ చేసిన పని కావచ్చు. క్రీ మాత్రమే ఉండి లాక్స్ లేని ఎలుకలను కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసుకోవడానికి, పెట్టని పేపరు నా దగ్గరికి సమీక్షకు వస్తే నేను తిప్పి పంపుతాను.

జాతి సంగతి ఇంతకంటే ముఖ్యం, ఎవరూ చెప్పరు. నా మొదటి ప్రాజెక్టులో జరిగింది చెబుతాను. మా నాకౌట్ ఎలుకలను నీటి తొట్టిలో ఈదించి, నీటి కింద దాచిన మెట్టును గుర్తుపెట్టుకుంటాయో లేదో చూసే పరీక్ష పెట్టాం. గోడల మీద బొమ్మలు చూసి దారి గుర్తుపెట్టుకోవాలి. మా ఎలుకల్లో సగం గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరిగాయి. జ్ఞాపకశక్తి పోయిందని రెండు నెలలు సంతోషంగా గ్రాఫులు గీశాను. తీరా ఒక సీనియర్ వచ్చి, "వీటికి కళ్లు కనిపిస్తున్నాయా?" అని అడిగారు. కనిపించడం లేదు. మా ఎలుకలను ఎఫ్‌వీబీ జాతితో కలిపి పెంచారు. ఆ జాతికి పుట్టుకతోనే రెటీనా చెడే మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు, ఉంది, కొన్ని వారాల్లో చూపు పోతుంది. మా జన్యువుకూ దానికీ సంబంధమే లేదు. గుడ్డెద్దు సామెత అక్షరాలా నిజమైన రోజు అది.

అందరూ వాడే నల్ల ఎలుక సీ57 బ్లాక్ 6 కూడా ఒకటి కాదు. 6జే అనే శాఖలో ఎన్‌ఎన్‌టీ జన్యువు చెడి ఉంటుంది, దాంతో ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. 6ఎన్ శాఖలో రెటీనాను పాడుచేసే మ్యుటేషన్ ఒకటి ఉంది. రెండింటికీ వయసు పెరిగేకొద్దీ చెవుడు వస్తుంది. మీ నాకౌట్ 6ఎన్ మీద తయారై, కంట్రోల్ ఎలుకలను 6జే కొనుక్కొస్తే, మీరు కొలిచేది మీ జన్యువునో ఈ తేడాలనో దేవుడికే తెలియాలి. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు: ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులనే కంట్రోల్‌గా వాడండి. తల్లి పాలు ఒకటే, కేజ్ ఒకటే, పేగుల్లో సూక్ష్మజీవులు కూడా దాదాపు ఒకటే.

గది చలి కూడా లెక్కలోకి వస్తుంది. మనకు హాయిగా ఉండే 20–22 డిగ్రీలు ఎలుకకు చలి. దానికి హాయి 30 దగ్గర. రోజంతా వేడి పుట్టించుకోవడానికే తిన్నదాంట్లో పెద్ద భాగం ఖర్చుపెడుతుంది. బరువు, కొవ్వు, గుండె వేగం కొలిచేవాళ్లు ఇది మర్చిపోకూడదు. సరే, పక్కదారి పట్టాను.

ఇప్పుడు మీకు అన్నిటికన్నా దగ్గరైన కథ: స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ, ఎస్ఎంఏ. వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు చచ్చిపోతాయి. తీవ్రమైన రకంలో పిల్లలు తలే నిలబెట్టలేరు, చికిత్స లేని రోజుల్లో ఎక్కువమంది రెండేళ్లు దాటేవారు కాదు. కారణం ఎస్ఎంఎన్1 అనే జన్యువు లేకపోవడం. ఎలుకలో అదే జన్యువు తీసేశారు. పిండం గర్భసంచిలో అతుక్కోకముందే పోయింది. జబ్బు రావడానికి పిల్ల పుడితే కదా!

మనిషిలో మాత్రం పిల్లలు పుడుతున్నారు. ఎలా? మనిషికి ఈ జన్యువు పక్కనే దాదాపు అచ్చు గుద్దినట్టున్న రెండో జన్యువు, ఎస్ఎంఎన్2 ఉంది. ప్రొటీన్ తయారీకి పనికొచ్చే జన్యువు ముక్కలను ఎక్సాన్లు అంటారు. అందులో ఏడో ఎక్సాన్‌లో ఒక్క అక్షరం తేడా. ఆ తేడా వల్ల, జన్యువు నుంచి వచ్చిన సందేశాన్ని కణం కత్తిరించి అతికించేటప్పుడు ఏడో ఎక్సాన్ చాలాసార్లు జారిపోతుంది, పనికొచ్చే ప్రొటీన్ కొంచెమే తయారవుతుంది. ఆ కొంచెంతోనే పిల్లలు పుడుతున్నారు, ఆ కొంచెం చాలకే జబ్బు పడుతున్నారు. ఎలుకకు ఈ రెండో జన్యువు లేదు. కాబట్టి 2000లో రెండు బృందాలు ఎలుక జన్యువును తీసేసి, దాని బదులు మనిషి ఎస్ఎంఎన్2ను పెట్టాయి. రెండు కాపీలు ఉన్న పిల్లలు పుట్టి, కొద్ది రోజుల్లోనే మనిషి జబ్బు లాంటి లక్షణాలతో పోయాయి. ఎనిమిది కాపీలు ఉన్నవి మామూలుగా బతికాయి. మనుషుల్లోనూ అంతే, ఎస్ఎంఎన్2 కాపీలు ఎక్కువున్న పిల్లలకు జబ్బు తేలిగ్గా ఉంటుంది.

ఈ ఒక్క ఎలుకతో మందు దారి తెరుచుకుంది. కావలసింది కొత్త జన్యువే కానక్కర్లేదు, ఉన్న ఎస్ఎంఎన్2ను సరిగా కత్తిరించేలా చేసినా చాలు. ఆ ఆలోచనతో వచ్చిన నుసినెర్సెన్‌కు 2016 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. వైరస్ ద్వారా జన్యువునే పంపే చికిత్సకు 2019 మేలో అనుమతి వచ్చింది. దానికి ముందు 2010లో ఎలుకల్లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో ఇస్తే, రెండు వారాల్లో పోవలసిన ఎలుకలు నెలల తరబడి బతికాయి. ఐదో రోజున ఇస్తే కొంతే లాభం. పదో రోజున ఇస్తే దాదాపు ఏమీ లేదు. అదే మందు, అదే మోతాదు, తేడా రోజుల్లోనే. తర్వాత పసిపిల్లల్లోనూ అదే కనిపించింది: లక్షణాలు రాకముందే చికిత్స పొందిన పిల్లలు చాలామంది కూర్చున్నారు, నడిచారు. పుట్టగానే రక్తపు చుక్కతో ఎస్ఎంఏ పరీక్ష చేయాలన్న వాదనకు ఇదే బలం.

ఇంత బాగా ఎందుకు కుదిరింది? ఎలుక దారి మన దారి నుంచి ఎక్కడ విడిపోతుందో వాళ్లకు తెలుసు. అక్కడే మనిషి ముక్కను అతికించారు.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. ఏఎల్ఎస్ అనే పెద్దల నరాల జబ్బులో కొద్దిమందికి, మొత్తం మీద సుమారు 2 శాతానికి, ఎస్ఓడీ1 అనే జన్యువులో మ్యుటేషన్ ఉంటుంది. 1994లో మనిషిలోని ఆ చెడిన జన్యువును ఎలుకలో పెట్టారు. ఎలుకలకు పక్షవాతం వచ్చి నాలుగైదు నెలల్లో పోయాయి. దశాబ్దాల పాటు ఏఎల్ఎస్ మందులన్నీ ఈ ఎలుక మీదే పరీక్షించారు. ఒక్కొక్కటీ ఆయుష్షు పదిశాతం పెంచింది, పదిహేను శాతం పెంచింది అని పేపర్లు వచ్చాయి. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అలాగే పైకి వచ్చింది. 400 మందికి పైగా రోగుల మీద పరీక్షిస్తే, 2007లో ఫలితం వచ్చింది: మందు తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్ల కంటే త్వరగా క్షీణించారు.

ఎక్కడ తప్పు జరిగింది? 2008లో ఒక బృందం 70కి పైగా మందులను ఇదే ఎలుకలో, ఎక్కువ సంఖ్యతో, మళ్లీ పరీక్షించి చూసింది. ఒక్కటీ పనిచేయలేదు. మొదట పనిచేసినట్టు కనిపించినవి చాలావరకు లెక్కల తడబాట్లే. ఈ ఎలుకలో చెడు జన్యువు ఇరవైకి పైగా కాపీలు ఉంటాయి. పెంపకంలో కొన్నిటికి కాపీలు రాలిపోతాయి, అవి ఎక్కువ రోజులు బతుకుతాయి. అలాంటివి రెండు మూడు మందు గుంపులో పడితే చాలు, మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. ఆడ ఎలుకలు మగవాటి కంటే కొంచెం ఎక్కువ బతుకుతాయి, ఒకే ఈత పిల్లలు ఒకేలా పోతాయి. గుంపుకు ఎనిమిదేసి ఎలుకలతో చేస్తే ఈ గందరగోళమే ఫలితంగా అచ్చవుతుంది. అంటే ఎలుక అబద్ధం చెప్పలేదు, మనం సరిగా వినలేదు.

అదే ఎలుక, సరైన ప్రశ్న అడిగినప్పుడు సరైన జవాబే ఇచ్చింది. ఎస్ఓడీ1 సందేశాన్నే తగ్గించే టోఫెర్సెన్ అనే మందును ఈ జన్యువు ఉన్న ఎలుకల్లో పరీక్షించారు. 2023లో దానికి ఎఫ్‌డీఏ త్వరిత అనుమతి వచ్చింది, అదీ ఎస్ఓడీ1 మ్యుటేషన్ ఉన్న రోగులకు మాత్రమే. మిగతా 98 శాతం ఏఎల్ఎస్ గురించి ఆ ఎలుకను అడగడమే అసలు పొరపాటని ఇప్పుడు నాకనిపిస్తుంది.

అల్జీమర్స్ సంగతి ఒక్క ముక్కలో. 1990ల మధ్యలో వచ్చిన ఎలుకలకు మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డలు బాగా వచ్చాయి, కానీ నాడీకణాలు మనుషుల్లో లాగా చావవు, టావు అనే ఇంకో ప్రొటీన్ ముడులు రావు. కాబట్టి అవి గడ్డలు తీసేసే మందును పరీక్షించడానికి పనికొస్తాయి. మతిమరుపు తగ్గుతుందా అని అడగడానికి పెద్దగా పనికిరావు.

ఊపిరితిత్తుల జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1992లో సీఎఫ్‌టీఆర్ జన్యువు తీసేసిన ఎలుకలు వచ్చాయి. పేగులు మూసుకుపోయి చాలావరకు పోయాయి, కానీ మనుషులను చంపే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ మాత్రం రాలేదు. 2008లో అదే జన్యువు తీసేసిన పందులు పుట్టాయి. వాటికి కొన్ని నెలల్లో ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. 2016లో కారణం ఒకటి బయటపడింది. మన శ్వాసనాళాల్లో, పంది శ్వాసనాళాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే పంపు ఒకటి ఉంది. ఎలుకలో అది దాదాపు లేదు. అందుకే ఎలుక శ్వాసనాళం ఆమ్లంగా మారదు, క్రిములు చంపే శక్తి పోదు. కొండను తవ్వి ఎలుకను పట్టారని వెక్కిరిస్తారు గానీ, మా పని దానికి తిరగేసి ఉంటుంది: ఎలుకను పట్టుకుని, అది ఎందుకు జబ్బు పడలేదని కొండను తవ్వుతాం.

మీ ప్రాజెక్టుకు నేను గట్టిగా సూచించే ప్రయోగం ఒకటుంది, జబ్బు తెప్పించి వెనక్కి తిప్పడం. 2000లో హంటింగ్టన్ జబ్బు ఎలుకల్లో చెడు జన్యువుకు స్విచ్ పెట్టి, లక్షణాలు వచ్చాక ఆపేశారు. మెదడులో పేరుకున్న ప్రొటీన్ ముద్దలు కరిగాయి, నడక మెరుగైంది. 2007లో ఏడ్రియన్ బర్డ్ బృందం రెట్ సిండ్రోమ్ అనే పిల్లల మెదడు జబ్బు ఎలుకల్లో జన్యువును మూసిపెట్టి, బాగా జబ్బుపడ్డాక తెరిచింది. చావుకు దగ్గరైన ఎలుకలు కూడా కోలుకున్నాయి. ఇది మందు కాదు, మనిషిలో ఇలా స్విచ్ పెట్టలేం. కానీ నాడీకణాలు చావలేదు, ఎదురుచూస్తున్నాయి అని అది చెప్పింది. ఆ ఒక్క ముక్క తెలియకపోతే ఆ జబ్బు మీద డబ్బు పెట్టేవాళ్లే ఉండరు. అందుకే మీ గైడ్‌ను మామూలు నాకౌట్ కాకుండా, తిరిగి తెరవగలిగే నాకౌట్ చేయమని అడగండి. ఖర్చు, సమయం కొంచెమే ఎక్కువ.

ఎలుకల్లో నయమైందన్న వార్త చూసినప్పుడు నేను ముందు పేపరు తెరిచి మూడు విషయాలు వెతుకుతాను. మందు లక్షణాలు రాకముందు ఇచ్చారా, వచ్చాక ఇచ్చారా? ఆసుపత్రికి వచ్చే రోగికి లక్షణాలు వచ్చే ఉంటాయి. ఎలుకలను గుంపులుగా విడదీసింది, ఫలితం కొలిచింది ఏ ఎలుకకు ఏమిచ్చారో తెలియని మనిషేనా? ఇంకో జాతిలో, లేదా ఇంకో ప్రయోగశాలలో మళ్లీ చేశారా? మూడింటికీ లేదనే జవాబు వస్తే వార్త మూసేసి పనిలో పడతాను.

జంతువుల బాధ గురించి మీరు అడగలేదు, కానీ ఎథిక్స్ కమిటీ అడుగుతుంది. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలు ఇప్పటికీ నియమాలకు ఆధారం: వీలైతే జంతువు బదులు వేరే పద్ధతి, వీలైనంత తక్కువ సంఖ్య, వీలైనంత తక్కువ బాధ. కొత్తవాళ్లు రెండో దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. ఐదు ఎలుకలతో చేసి ఏమీ తేలకపోతే ఆ ఐదూ వృథాగా పోయినట్టే. ముందే లెక్కవేసి పద్దెనిమిది కావాలంటే పద్దెనిమిది అడగండి. ఏ దశలో ప్రయోగం ఆపి ఎలుకను బాధ లేకుండా పంపించేయాలో కూడా ముందే రాసుకోండి. బరువు ఎంత తగ్గితే, వెల్లకిలా పడుకోబెడితే ఎన్ని సెకన్లలో తిరగలేకపోతే అన్నది అంకెల్లో ఉండాలి. రాత్రి పదకొండింటికి కేజ్ ముందు నిలబడి తేల్చుకునే విషయం కాదు అది.

చివరిగా, కొత్త ఎలుక తయారు చేయకముందే వెతకండి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మామూలు ఎలుకలకు మొదటి వైరస్ సోకలేదు, వైరస్ కణంలోకి వెళ్లడానికి పట్టుకునే ప్రొటీన్ ఏసీఈ2, ఎలుక ఏసీఈ2కు అది అతుక్కోదు. మనిషి ఏసీఈ2 ఉన్న ఎలుక ఒకటి మాత్రం ఉంది, 2007లో అయోవా విశ్వవిద్యాలయంలో పాత సార్స్ కోసం చేసినది. సార్స్ పోయాక దాన్ని అడిగేవాళ్లు లేరు. ఎలుక జాతులను దాచి పంచే అమెరికా సంస్థ జాక్సన్ ల్యాబొరేటరీ ఫ్రీజర్లో దాని వీర్యం ఉండిపోయింది. దాన్ని కరిగించి, అండాలతో కలిపి, మళ్లీ కాలనీ నిలబెట్టి ప్రపంచమంతా పంపారు. మీ జన్యువుకు కూడా ఎవరో ఎప్పుడో చేసి ఫ్రీజర్లో పెట్టే ఉండవచ్చు. జన్యువులన్నిటినీ ఒక్కొక్కటిగా తీసి చూస్తున్న అంతర్జాతీయ కూటమి ఐఎంపీసీ 2011 నుంచి పనిచేస్తోంది, వాళ్ల ఫలితాలు అందరికీ ఉచితం. అక్కడ మీ జన్యువు పేరు కొట్టి చూడండి. ఎలుక దొరికితే, ఏ జాతి మీద ఉందో, ఏ ఎక్సాన్ తీసేశారో రాయండి. మనిషిలో ఆ జన్యువుకు రెండో కాపీ ఏదైనా ఉందా అన్నది కూడా చూసి చెప్పండి. అప్పుడు కొత్తది చేయాలా, ఉన్నదాన్నే మార్చుకోవాలా అన్నది మాట్లాడుకుందాం.